ఫెడరల్ అరెస్ట్ వారెంట్: ముందు ఆ కాగితం మీద సంతకం ఎవరిదో చూడండి

అమెరికాలో పొద్దున ఆరింటికి తలుపు తట్టి "ఫెడరల్ ఏజెంట్లం, వారెంట్ ఉంది" అంటే మనవాళ్ళలో చాలామంది చేసే మొదటి పని తలుపు బార్లా తీయడం. రెండో పని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పడం. తప్పు చేయలేదు కదా, మాట్లాడితే సర్దుకుంటుందన్న నమ్మకం. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, వ్యవస్థలో ఆ నమ్మకం నిలబడదు. వారెంట్ చేతికొచ్చిందంటే మామూలుగా నెలల తరబడి దర్యాప్తు జరిగి, కోర్టు దాన్ని చూసి సరేనన్నాకే వాళ్ళు మీ గుమ్మం దాకా వచ్చారని అర్థం. తలుపు దగ్గర నిలబడ్డ ఏజెంటుకి ఆ కేసు ఎత్తేసే అధికారమే లేదు. వినడం, రాసుకోవడం మాత్రం ఆయన చేయగలడు.

ఫెడరల్ అరెస్ట్ వారెంట్ రెండు దారుల్లో పుడుతుంది. మొదటిది కంప్లైంట్. ఏజెంట్ ప్రమాణం చేసి అఫిడవిట్ రాసిస్తాడు, మెజిస్ట్రేట్ జడ్జి దాన్ని చదివి నేరం జరిగిందనీ, ఈ మనిషే చేశాడనీ నమ్మడానికి తగిన ఆధారం ఉందనుకుంటే వారెంట్ ఇస్తారు. దీన్నే ప్రాబబుల్ కాజ్ అంటారు. రెండోది ఇండిక్ట్‌మెంట్. 16 నుంచి 23 మంది మామూలు పౌరులు ఉండే గ్రాండ్ జ్యూరీ రహస్యంగా సాక్ష్యం విని, కనీసం 12 మంది ఒప్పుకుంటే అభియోగపత్రం వస్తుంది, దాని వెనకే వారెంట్. గ్రాండ్ జ్యూరీ గదిలోకి నిందితుడి లాయర్‌ని రానివ్వరు. అందుకే చాలామందికి అరెస్టయ్యేదాకా కేసు ఉన్నట్టే తెలియదు. కొన్నిసార్లు వారెంట్ బదులు సమన్లు వస్తాయి: ఫలానా తేదీన కోర్టుకి రమ్మని. అవి వచ్చినా లాయర్ లేకుండా వెళ్ళొద్దు. వెళ్ళడం మానేస్తే మాత్రం వారెంట్ వస్తుంది.

ఇక కాగితం సంగతి. ఫెడరల్ కోర్టులు వాడే అరెస్ట్ వారెంట్ నమూనా పేరు ఏఓ 442. పైన యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్ అని, కింద ఏ డిస్ట్రిక్ట్ అన్నది ఉంటుంది. దేశమంతా కలిపి 94 డిస్ట్రిక్టులు. కేసు నంబర్ మధ్యలో ఎంజే అని ఉంటే మెజిస్ట్రేట్ దగ్గర కంప్లైంట్ దశలో ఉందని, సీఆర్ అని ఉంటే క్రిమినల్ కేసుగా నమోదైందని తెలుసుకోవచ్చు. వారెంట్ దేని ఆధారంగా వచ్చిందో చెప్పే గళ్ళుంటాయి: కంప్లైంట్, ఇండిక్ట్‌మెంట్, ప్రొబేషన్ ఉల్లంఘన వగైరా. ఏ గడిలో గుర్తు ఉందో చూసి లాయర్‌కి చెబితే సగం పని తేలికవుతుంది. సంతకం విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. కంప్లైంట్ మీద వచ్చిన వారెంట్‌పై జడ్జి సంతకం చేస్తారు. ఇండిక్ట్‌మెంట్ మీద వచ్చినదానిపై కోర్టు క్లర్క్ సంతకం ఉంటుంది, అదీ చెల్లుతుంది. "జడ్జి సంతకం లేదు, ఇది చెల్లదు" అని వాట్సాప్‌లో తిరిగే సలహా నమ్మి తలుపు దగ్గర వాదనకి దిగితే చిక్కుల్లో పడతారు.

మీరు చూడాల్సిన అసలు తేడా కోర్టు కాగితమా, శాఖ కాగితమా అన్నది. ఇమిగ్రేషన్ అధికారులు తెచ్చే ఐ-200, ఐ-205 అనే ఫారాలను కూడా వారెంట్లనే అంటారు. వాటి మీద డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోంల్యాండ్ సెక్యూరిటీ అని ఉంటుంది. సంతకం ఆ శాఖ అధికారిది, కోర్టుది కాదు. అవి ఇమిగ్రేషన్ చట్టం కింద మనిషిని పట్టుకోవడానికి ఇచ్చినవే తప్ప క్రిమినల్ కేసు కాదు. అలాంటి కాగితంతో వస్తే లోపలికి రావడానికి ఒప్పుకోవడం లేదని తలుపు మూసే ఉంచి స్పష్టంగా చెప్పండి. అయినా లోపలికొస్తే అడ్డు నిలబడొద్దు, తోయొద్దు. "నేను ఒప్పుకోలేదు" అన్న మాట మీద లాయర్ తర్వాత కోర్టులో పోరాడతారు.

ఈ తేడా మనవాళ్ళకి ఎంత ముఖ్యమో 2019 జనవరిలో మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో తేలింది. అది ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన నకిలీ యూనివర్సిటీ. విద్యార్థుల్ని చేర్పించారని ఎనిమిది మంది మీద డెట్రాయిట్‌లో గ్రాండ్ జ్యూరీ వీసా మోసం కుట్ర అభియోగాలు మోపింది. వాళ్ళది ఫెడరల్ క్రిమినల్ కేసు. తొలి విడతలో పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే, అందులో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళవి ఇమిగ్రేషన్ కేసులు. ఒకే వార్త, రెండు వేర్వేరు చట్టాలు. క్రిమినల్ కేసులో డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్‌ని ఇస్తుంది. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయర్ దొరకరు, మనమే వెతుక్కోవాలి. అప్పుడు హైదరాబాద్, విజయవాడల్లో తల్లిదండ్రులకి ఎవరిని అడగాలో తోచకపోవడానికి సగం కారణం ఈ రెండూ కలగలిసిపోవడమే.

కోర్టు ఇచ్చిన అరెస్ట్ వారెంట్ ఉంటే, నిందితుడు ఇంట్లోనే ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే, అతని ఇంట్లోకి రావచ్చని 1980లో పేటన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేరేవాళ్ళ ఇంట్లో అతన్ని వెతకాలంటే విడిగా సెర్చ్ వారెంట్ కావాలని 1981లో స్టీగల్డ్ కేసులో చెప్పింది. నలుగురైదుగురు కలిసి అద్దెకుండే అపార్ట్‌మెంట్లలో దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. రూమ్మేట్ మీద వారెంట్ ఉండి అతను అక్కడే ఉంటుంటే అది అతని ఇల్లు కూడా, లోపలికి వస్తారు. వారాంతానికి చుట్టపుచూపుగా వచ్చిన స్నేహితుడి మీద వారెంట్ ఉంటే సంగతి వేరు. "వారెంట్ చూడొచ్చా?" అని అడగండి. అరెస్ట్ చేసే అధికారి దగ్గర కాపీ ఉంటే చూపించాలి. లేకపోతే వారెంట్ ఉందన్న సంగతీ, నేరం ఏమిటన్నదీ చెప్పి, మీరు అడిగితే వీలైనంత త్వరగా చూపించాలి. కాపీ చేతిలో లేనంత మాత్రాన అరెస్ట్ ఆగదు.

సెర్చ్ వారెంట్ వేరే కాగితం. దానికి మామూలుగా పొద్దున 6 నుంచి రాత్రి 10 లోపు అన్న వేళ ఉంటుంది, ఏ చోటు వెతకాలో ఏ వస్తువులు తీసుకోవాలో రాసి ఉంటుంది, తీసుకెళ్ళిన వస్తువులకి రసీదు ఇచ్చి వెళ్ళాలి. ఆ రసీదు జాగ్రత్త చేయండి. ఫోన్ లోపల చూడటానికి వారెంట్ కావాలని 2014లో రైలీ కేసులో తీర్పుంది. పాస్‌కోడ్ అడిగితే లాయర్‌తో మాట్లాడాకే అనండి.

నోరు విషయంలో ఒక్క వాక్యం బట్టీ పట్టాలి, ఇంగ్లిష్‌లోనే: "ఐ విల్ రిమైన్ సైలెంట్. ఐ వాంట్ ఎ లాయర్." అంతకన్నా మెత్తగా వద్దు. "మేబీ ఐ షుడ్ టాక్ టు ఎ లాయర్" అన్న మనిషి లాయర్‌ని అడిగినట్టు కాదని 1994లో డేవిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఊరికే మౌనంగా కూర్చోవడం కూడా చాలదు, మౌనంగా ఉంటున్నానని నోటితో చెప్పాలి. మనకి మర్యాద కోసం "అది కాదండీ, అసలు విషయం ఏంటంటే" అని మొదలుపెట్టే అలవాటు. లాయర్‌ని అడిగిన రెండు నిమిషాలకి మీరే మళ్ళీ కేసు గురించి కబుర్లు మొదలుపెడితే ఆ రక్షణ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు చెప్పండి, వేలిముద్రలు ఇవ్వండి. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా వద్దు. ఫెడరల్ ఏజెంటుకి కేసుకి సంబంధించిన విషయంలో తెలిసి అబద్ధం చెప్పడమే ఒక నేరం, ఐదేళ్ళదాకా జైలు. మొదటి ఆరోపణ నిలబడకపోయినా ఈ అబద్ధం మీద శిక్ష పడొచ్చు.

ఆ గంటలో ఇంట్లోవాళ్ళు చేసే తప్పులు ఇంకా పెద్దవి. కంగారులో వాట్సాప్ మెసేజీలు చెరిపేయడం, లాప్‌టాప్ స్నేహితుడి ఇంటికి పంపడం, కన్సల్టెన్సీ కాగితాలు చింపేయడం. దర్యాప్తుని అడ్డుకోవాలని రికార్డులు నాశనం చేస్తే 20 ఏళ్ళదాకా శిక్ష ఉంది. అసలు కేసు కన్నా ఇదే బరువైపోవచ్చు. సాక్షికి ఫోన్ చేసి "ఇలా చెప్పు" అనడం అంతకన్నా ప్రమాదం. మన దగ్గర పెద్దమనుషుల చేత చెప్పించి రాజీ కుదిర్చే పద్ధతి ఉంది. ఇక్కడ కేసు పెట్టింది అమెరికా ప్రభుత్వం. ఫిర్యాదుదారుడు వెనక్కి తగ్గినా కేసు దానంతటది పోదు. రాజీ కోసం మాట్లాడబోతే సాక్షిని బెదిరించారన్న కొత్త అభియోగం రావచ్చు. వారెంట్ ఉందని తెలిసీ మనిషిని ఇంట్లో దాచిపెడితే, అది ఫెలొనీ (ఏడాదికి మించి జైలు పడగల నేరం) వారెంట్ అయితే దాచినవాడికి ఐదేళ్ళదాకా పడొచ్చు. స్నేహం కొద్దీ గది ఇచ్చే కుర్రాళ్ళకి ఈ సంగతి ముందే తెలియాలి.

లాయర్ సంగతికొస్తే, మనవాళ్ళకి తెలిసిన లాయర్ అంటే హెచ్-1బీ దాఖలు చేసిన ఇమిగ్రేషన్ లాయర్. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఈ పని ఆయనది కాదు. గుండె నొప్పికి పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళినట్టు అవుతుంది. కావాల్సింది ఫెడరల్ క్రిమినల్ డిఫెన్స్ చేసే మనిషి, అదీ ఆ డిస్ట్రిక్ట్ కోర్టులో వాదించేవాళ్ళు. నేరుగా అడగండి: ఈ డిస్ట్రిక్ట్‌లో ఎన్ని ఫెడరల్ కేసులు చేశారు, డిటెన్షన్ హియరింగులు (విడుదల చేయాలా, లోపలే ఉంచాలా అన్న విచారణలు) ఎన్ని చేశారు, కోర్టులో మీరే నిలబడతారా లేక జూనియర్‌ని పంపుతారా, ఫీజు ఏ దశ దాకా, ట్రయల్ దాకా వెళ్తే విడిగా ఎంత. ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. లైసెన్స్ ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలున్నాయో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. కేసు గెలిస్తేనే ఫీజు అనే లాయర్‌ని నమ్మకండి, క్రిమినల్ కేసులో అలాంటి ఒప్పందం వాళ్ళ వృత్తి నియమాలకే విరుద్ధం.

డబ్బు లేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. 1964 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్ కింద ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ గానీ, కోర్టు నియమించే ప్యానెల్ లాయర్ గానీ దొరుకుతారు. వీసా మీద ఉన్నవాళ్ళకీ, ఏ కాగితాలూ లేనివాళ్ళకీ కూడా. ఆదాయం, అప్పులు, పోషించాల్సినవాళ్ళ వివరాలతో సీజేఏ 23 అనే ఫారం నింపాలి, అందులో నిజమే రాయాలి. "ఫ్రీ లాయర్ అంటే అంతంతమాత్రమే" అన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. ఫెడరల్ డిఫెండర్ల విషయంలో అది పొరపాటు. వాళ్ళ పనంతా ఈ కోర్టుల్లోనే, ఈ జడ్జీల ముందే. మొదటి హాజరుకి వాళ్ళతో నిలబడి, తర్వాత సొంత లాయర్‌ని పెట్టుకోవచ్చు కూడా. నాలుగు లక్షల రూపాయల వడ్డీ అప్పు చేసి తొందరలో ఎవరినో పెట్టుకోవడం కన్నా ఇది చాలా నయం.

అరెస్ట్ అయ్యాక ఆలస్యం లేకుండా మెజిస్ట్రేట్ జడ్జి ముందుకి తీసుకెళ్ళాలి. అక్కడ ఆరోపణ ఏమిటో, లాయర్ హక్కు, మౌనం హక్కు, విడుదల ఎలా అన్నవి చెబుతారు. అంతకుముందు ప్రీట్రయల్ సర్వీసెస్ అధికారి ఒకరు వచ్చి ఇల్లు, ఉద్యోగం, కుటుంబం, పాస్‌పోర్ట్ గురించి అడుగుతారు. ఆ నివేదిక మీదే విడుదల చాలావరకు ఆధారపడుతుంది. లాయర్‌తో మాట్లాడాకే ఈ ఇంటర్వ్యూ ఇవ్వండి, కేసు గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడొద్దు.

మన దగ్గర ముందస్తు బెయిలు ఉన్నట్టు ఇక్కడ లేదు. బెయిలు అంటే కోర్టులో డబ్బు కట్టి బయటికి రావడమూ కాదు. 1984 నాటి బెయిల్ రిఫార్మ్ యాక్ట్ ప్రకారం ఇతను పారిపోతాడా, ఎవరికైనా ప్రమాదమా అన్న రెండు ప్రశ్నలే. ప్రభుత్వం నిర్బంధం కోరి వాయిదా అడిగితే మూడు పనిరోజులు, మన లాయర్ అడిగితే ఐదు పనిరోజులు దాకా ఇవ్వొచ్చు. పౌరులు, గ్రీన్ కార్డ్ వాళ్ళు కాని మనిషి పారిపోవచ్చనో, ప్రమాదకరమనో జడ్జి అనుకుంటే, ఇమిగ్రేషన్ శాఖకి కబురు చేయడానికి సెలవులు కలపకుండా పది రోజులదాకా ఉంచే వీలు కూడా చట్టంలో ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్ళకి ఇది తగులుతుంది. "ఇండియాలో ఇల్లుంది, తల్లిదండ్రులున్నారు, పారిపోతాడు" అన్నదే ప్రాసిక్యూటర్ వాదన. దానికి జవాబు కాగితాల్లో ఉండాలి: ఇంటి లీజు, పిల్లల బడి కాగితాలు, ఉద్యోగ పత్రం, పాస్‌పోర్ట్ అప్పగించడానికి సిద్ధమన్న మాట, పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి హామీ సంతకం పెట్టే ఇద్దరు బంధుమిత్రులు. ఆ ఇద్దరూ కోర్టు గదిలో కూర్చుని కనిపిస్తే బలం. హామీ సంతకం ఊరికే పెట్టేది కాదు. మనిషి కోర్టుకి రాకపోతే హామీ మొత్తం వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది, అది తెలిసి పెట్టాలి.

కస్టడీలో ఉంటే కంప్లైంట్ మీద ప్రిలిమినరీ హియరింగ్ (కేసుకి తగిన ఆధారం ఉందా అని జడ్జి చూసే విచారణ) 14 రోజుల్లో, బయట ఉంటే 21 రోజుల్లో జరగాలి. అరెస్టయిన 30 రోజుల్లో ఇండిక్ట్‌మెంట్ రావాలి. టెక్సస్‌లో పట్టుకుని కేసు న్యూజెర్సీలో ఉంటే మొదటి హాజరు టెక్సస్‌లోనే అవుతుంది. అక్కడ విడుదల దొరికితే సొంతంగా న్యూజెర్సీ వెళ్ళొచ్చు. దొరక్కపోతే ఖైదీల్ని తరలించే ఫెడరల్ అధికారులు, అంటే మార్షల్స్, తీసుకెళ్ళడానికి వారాలు పట్టొచ్చు. అందుకే మొదటి హియరింగ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ వారాల్లో మనిషి ఎక్కడున్నాడో ఇంటివాళ్ళకి తెలియదు, జైళ్ళ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కనబడకపోవచ్చు. ఆ డిస్ట్రిక్ట్ మార్షల్స్ ఆఫీసుని గానీ లాయర్‌ని గానీ అడగాలి.

జైలు ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే అర్థం కాదనుకోవడం పెద్ద పొరపాటు, అనువాదం చేయించి కోర్టులో పెడతారు. అమ్మతో మాట్లాడినా "బాగున్నాను, లాయర్ చూసుకుంటున్నాడు" దాకానే. తెలుగు సంఘాల వాళ్ళు లాయర్‌ని వెతికిపెట్టడంలో, కుటుంబానికి అండగా ఉండటంలో నిజంగా సాయపడతారు. కానీ వాళ్ళతో చెప్పిన కేసు వివరాలకి రహస్య రక్షణ లేదు. అది లాయర్‌తో చెప్పినవాటికే. లాయర్ గదిలో బాబాయినీ స్నేహితుడినీ కూర్చోబెట్టుకుంటే ఆ రక్షణ కూడా పోవచ్చు. కోర్టులో ఇంగ్లిష్ కష్టమనిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే లాయర్‌తో అడిగించండి. సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ వేరు, ఒప్పుకోలు పత్రంలో ఇంగ్లిష్ వేరు. ఇంటర్‌ప్రెటర్ ఖర్చు కోర్టుదే.

వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం భారత కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు ఉంది. కొన్ని దేశాల పౌరులైతే అడగకపోయినా తెలియజేస్తారు. భారత్ ఆ జాబితాలో లేదు, మనమే అడగాలి. కాన్సులేట్ కేసు వాదించదు. కుటుంబానికి కబురందించడం, లాయర్ల జాబితా ఇవ్వడం, మనిషిని కలవడం లాంటివి చేయగలదు.

నేరం ఒప్పుకునే బేరం వచ్చినప్పుడు ఇమిగ్రేషన్ లాయర్ అవసరం పడతారు. సంతకానికి ముందే. 2010లో పడిల్లా తీర్పు తర్వాత దేశం నుంచి పంపేసే ప్రమాదం గురించి క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలి. ఉదాహరణకి బాధితుల నష్టం 10,000 డాలర్లు దాటిన మోసం ఇమిగ్రేషన్ చట్టంలో అత్యంత తీవ్ర నేరాల వరుసలో పడుతుంది. జైలు లేకుండా బయటపడ్డామని సంబరపడినవాళ్ళు ఆ ఒక్క అంకె వల్ల దేశం వదలాల్సి రావచ్చు. హెచ్-1బీ ఉద్యోగం పోతే 60 రోజులదాకా గడువు అన్న లెక్క కూడా అదే సమయంలో నడుస్తుంటుంది. ఫెడరల్ జడ్జి విడుదల చేసినా ఇమిగ్రేషన్ వాళ్ళు తలుపు బయటే పట్టుకోవచ్చు కాబట్టి ఇద్దరు లాయర్లూ ముందే మాట్లాడుకోవాలి.

ఫోన్‌లో "మీ మీద ఫెడరల్ వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొను, బిట్‌కాయిన్ యంత్రంలో వెయ్యి" అంటే అది నూటికి నూరుపాళ్ళు మోసం. భారత రాయబార కార్యాలయం నంబరే తెర మీద కనబడినా సరే. నిజమైన వారెంట్ డబ్బు కడితే పోదు, అరెస్ట్ చేయబోయేవాళ్ళు ఫోన్ చేసి చెప్పి రారు. ఫోన్ పెట్టేసి, బ్యాంకుకి చెప్పి, వినియోగదారుల మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీకి ఫిర్యాదు చేయండి.

నిజంగానే అనుమానం ఉంటే? పేసర్ అనే కోర్టు రికార్డుల వ్యవస్థలో పేరు వెతకొచ్చు, పేజీకి 10 సెంట్లు. కాకపోతే సీల్ చేసిన, అంటే కోర్టు రహస్యంగా ఉంచిన, ఇండిక్ట్‌మెంట్ అందులో కనబడదు, కాబట్టి కనబడకపోతే లేదని కాదు. మీరే ఎఫ్‌బీఐకి ఫోన్ చేయొద్దు. లాయర్ ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి కనుక్కుంటారు. వారెంట్ ఉంటే ఫలానా రోజు పొద్దున తానే తీసుకొచ్చి లొంగిపోయేలా ఏర్పాటు చేయగలరు. ముందస్తు బెయిలుకి ఇక్కడ దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. పిల్లల ముందు సంకెళ్ళు తప్పుతాయి, పారిపోయేవాడు కాదన్న వాదనకి అదే మొదటి సాక్ష్యం. శుక్రవారం సాయంత్రం వద్దు, వారాంతమంతా లోపల ఉండాల్సి వస్తుంది.

ఈలోగా ఇండియా వెళ్ళిపోతే? ఫెడరల్ వారెంట్‌కి గడువు లేదు, పాతబడి రద్దవదు. పారిపోయినవాడికి కేసు పెట్టడానికున్న కాలపరిమితి లెక్క కూడా ఆగిపోతుంది. రెండు దేశాల మధ్య 1997లో కుదిరిన నేరస్థుల అప్పగింత ఒప్పందం ఉంది. పదేళ్ళ తర్వాత కూతురి గ్రాడ్యుయేషన్‌కి వచ్చి ఎయిర్‌పోర్ట్‌లో దిగినా పాస్‌పోర్ట్ స్కాన్ చేయగానే తెర మీద కనబడుతుంది. ఇప్పటికే ఇండియాలో ఉండి విషయం తెలిస్తే, టికెట్ కొనకముందే ఆ డిస్ట్రిక్ట్‌లోని లాయర్‌ని పెట్టుకుని, ఏ ఎయిర్‌పోర్ట్‌లో ఏ తేదీన దిగాలో, అక్కడి నుంచి ఏ కోర్టుకో ప్రాసిక్యూటర్‌తో ఆయన చేతే మాట్లాడించుకోండి.